దుప్పట్ల తాడు మీద పెళ్ళి పందెం

ఆ లాండ్రీలో దుప్పట్లు ఉతికేవాణ్ణి అందరూ గాలిదుమారం అనేవారు. వాడు దుప్పటి దులిపితే పక్క వీధిలో టోపీలు ఎగిరిపోయేవట. అందులో ఒకటి ఇంకా నేలకు దిగనేలేదట.

అంతటి మొనగాడూ ఇస్త్రీ చేసే అమ్మాయి ముందు తడిసిన పిల్లి. ఏడాదిగా వాడు పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా ఆమె ఇస్త్రీపెట్టె ఎత్తేది.

ఆరోజు పెరట్లో బట్టలన్నీ ఆరి, దుప్పట్లు ఒక పక్క గుట్టగా చేరాయి. పన్నెండు మీటర్ల తాడు ఖాళీ. మీటరుకొకటి చొప్పున క్లిప్పులు మాత్రం మిగిలాయి. ఆమె తాడు విప్పి ఒక కొస తను పట్టుకుని, రెండోది వాడికిచ్చింది.

"ఊపు. నీ అల ఒక్క సెకనులో నా చేతికి తగిలిందా, పెళ్ళి. లేదా, నోరు మూసుకుని దుప్పట్లు ఉతుక్కో."

"సెకనెందుకు, అర చాలు!"

గుమ్మంలో బొత్తాలు కుడుతున్న ఆమె అమ్మమ్మ, "గడియారం నేను చూస్తాలే, కానివ్వు నాయనా" అంది.

వాడు సెకనుకు రెండుసార్లు ఊపాడు. ఆమె క్లిప్పులు లెక్కపెట్టింది. "ఒక అల నెత్తికీ ఇంకో అల నెత్తికీ మధ్య మూడు మీటర్లు. రెండు మూళ్ళు ఆరు. సెకనుకు ఆరు మీటర్లేగా! ఇక్కడికి రావడానికి రెండు సెకన్లు."

వాడు పళ్ళు బిగించి సెకనుకు మూడుసార్లు ఊపాడు. అలలు పెరిగాయిగానీ పొట్టివైపోయాయి.

"మధ్య రెండే మీటర్లు. మూడు రెళ్ళు?"

"ఆరే!" అంది అమ్మమ్మ.

నాలుగుసార్లు ఊపితే ఎడం మీటరున్నరకు దిగింది. మళ్ళీ ఆరే. తాడు మీద వాలిన కాకి ఒకటి కళ్ళు తిరిగి ఇస్త్రీబల్ల మీద పడుకుంది.

వాడు పిండని గుడ్డలా చతికిలబడ్డాడు. "ఎంత ఊపినా ఆరే. నా రాత ఇంతే, పిల్లా."

"ఓరి మొద్దూ! చెయ్యి జోరుగా ఊపితే అలలు ఎక్కువొస్తాయి, త్వరగా రావు. వేగం తాడుది. అది వదులుగా వేలాడుతుంటే నువ్వేం చేస్తావ్?"

అంటూనే వెనక్కి జరిగి, మడమలు నేలకు తన్నిపెట్టి, ముఖం ఎర్రబడేదాకా తాడు బిగలాగింది. "ఇప్పుడు ఊపు. సెకనుకు రెండేసార్లు."

అలల ఎడం ఆరు మీటర్లు!

అల రివ్వున ఆమె చేతికి తగిలింది. వాడి బుర్రకు మాత్రం ఆలస్యంగా తగిలింది: తాడు బిగించింది ఎవరు? అర్థమవగానే గెంతులేస్తూ కొస వదిలేశాడు. ఆమె దుప్పట్ల గుట్టలో వెల్లకిలా పడి పకపకా నవ్వింది.

"అమ్మమ్మా, సెకనులో చేరిందా?" వాడు అరిచాడు.

"మీ మొహాలు చూస్తూ గడియారం మర్చిపోయాను నాయనా. మళ్ళీ ఊపండి."

గుట్టలోంచి గొంతు వినిపించింది. "అక్కర్లేదు! రెండు ఆర్లు పన్నెండే!"