గ్రానైట్‌కు ఏ రంగు

ఆ ఉద్యోగం కబురు నాకు మొదట తెచ్చింది మీర్‌పేట్‌లో ఉండే మా మేనత్త. "దిల్‌సుఖ్‌నగర్‌ల కంప్యూటర్ మీద మ్యాపులు గీసెటోళ్లు కావాల్నంట. ముగ్గులు మంచిగేస్తవ్ గదనే, పో" అంది. నేను ఇంట్లోనే నాన్న దగ్గర చదువుకున్నదాన్ని. చూపించడానికి ఒక్క సర్టిఫికెట్ లేదు. అయినా తీసుకున్నారు. దేవుడి దయ, అత్త నోటి చలవ.

ఏ నేల కింద ఏ రాయి ఉందో చెప్పే పాత కాగితపు పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం మా పని. సగం మేము, సగం ఎల్‌బీ నగర్ ఆఫీసు వాళ్లు. ఒకరి ఫైలు ఇంకొకరి దగ్గర సరిగ్గా తెరుచుకునేలా ఇద్దరికీ ఒకే పద్ధతి కుదరాలి. ఆ వారంలో కుదరకపోతే పని వేరేవాళ్లకు పోతుంది. కొత్తగా చేరిన నేను అందరికంటే ముందు ఇంటికి పోతాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు, ఎటు చూసినా గులాబీ జెండాలే. మా టీమ్‌ను నడిపే నల్గొండ అన్న గ్రానైట్‌కు గులాబీ రంగు వేశాడు. హైదరాబాద్ చుట్టూ చాలామటుకు గ్రానైటే మరి. ఎల్‌బీ నగర్ ఆఫీసులోని పెద్దాయన, బందరు నుంచి వచ్చి స్థిరపడిన జియాలజిస్టు, వెంటనే ఫోన్ చేశారు.

"ఏవండీ, పటం పంపమంటే జెండా పంపారేంటండీ?"

"గ్రానైట్ ఎప్పటిసంది గులాబీనే సార్. ఉద్యమం షురూ గాకముందు సంది!"

ఆయన ఆకుపచ్చ వేసి తిప్పి పంపారు. ఫైల్లో ప్రతి రంగుకూ ఒక అంకె ఉంటుంది. వాళ్ల ఆకుపచ్చ అంకె మా దగ్గర చెరువు అంకె. ఫైలు తెరిచేసరికి నగరమంతా నీళ్లు.

"అన్నా, మా అత్త మునిగింది!"

"మునగనీ. నిన్ను గిక్కడికి పంపింది ఆమెనే గద."

సాయిబాబాకు మొక్కుకున్నాను. మర్నాడు బందు, బస్సుల్లేవు. ఫోన్‌లో అయితే మళ్లీ పోట్లాటే అనుకుని, పెద్దాయన ఎల్‌బీ నగర్ నుంచి నడిచే వచ్చారు. దారిలో ర్యాలీవాళ్లు గులాల్ చల్లారట. జుట్టు, కళ్లద్దాలు, చొక్కా అంతా గులాబీ.

"నవ్వకండి. గ్రానైట్ అయిపోయాను."

"జై తెలంగాణ సార్" అన్నాడు అన్న.

"ముందు మంచినీళ్లివ్వవయ్యా."

అద్దాలు తుడుచుకుంటూ అన్నారు: "రంగు పడ్డంత మాత్రాన నేను మారానా? ఫైల్లో రంగు వద్దు. రాయి పేరు, ఇద్దరం ఒప్పుకున్న అంకె, అంతే పంపుకుందాం. రంగు ఎవరింట్లో వాళ్లు వేసుకుంటారు."

"మరి గా అంకె మీదా, మాదా?"

ఇద్దరూ నావైపు చూశారు. "రెండూ వద్దు. కొత్తగా ఒకటి నుంచి మొదలుపెడదాం" అన్నాను, భయపడుతూనే.

సాయంత్రానికి ఫైలు మా దగ్గర గులాబీగా, ఎల్‌బీ నగర్‌లో ఆకుపచ్చగా తెరుచుకుంది. రెండు చోట్లా గ్రానైటే. నా కుర్చీ నాకు మిగిలింది. చాలా ఏళ్లు అన్నం పెట్టింది.

మీరు ఎప్పుడైనా ఎల్‌బీ నగర్ దారిన పోతూ బండరాయి చూస్తే, బందు నాడు గులాబీ చొక్కాతో నడిచొచ్చిన ఆ పెద్దాయనను ఒక్కసారి తలుచుకోండి.