పేరు లేని పదకొండు బటన్లు

రెండు వేల సంవత్సరం జూన్ పన్నెండో తేదీ, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. ఆ ముహూర్తం పెట్టించింది మా మేనేజరుగారు. విశాఖపట్నం రేవు దగ్గర ఒక ఓడల ఏజెంటు ఆఫీసులో నాకప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. కొత్త కంప్యూటర్లకు పసుపు రాశారు, బొట్లు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. నాకు శాలువా కప్పారు. నా కోసం ప్రత్యేకంగా ఇరవై ఒక్క అంగుళాల తెర తెప్పించామని మేనేజరుగారు ప్రకటిస్తే అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు చూపు పూర్తిగా పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఆ గదిలో అందరికీ తెలుసు.

నీటికాసుల జబ్బు 1992లో ఉన్న కాస్త చూపునూ తీసుకుపోయింది. మరుసటి ఏడు ఆగస్టులో ఆఫీసువారే నా పాత కంప్యూటర్లో మాట్లాడే కార్డు ఒకటి పెట్టించారు. తెర మీద ఏ అక్షరం ఉంటే ఆ అక్షరాన్ని అది ఇంగ్లీషులో చదివేది. రెండు నెలల్లో దాని వేగం ఎంత పెంచుకున్నానంటే, పక్కవాళ్ళకు ఇసుకలో శనగలు వేయించినట్టే వినిపించేది. నాకు మాత్రం ప్రతి గింజా వేరుగా తెలిసేది.

నా పని టైమ్ షీట్. ఓడ రేవులోకి వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేవరకు సరుకు దింపడం ఎప్పుడు మొదలైంది, వానకు ఎప్పుడు ఆగింది, మళ్ళీ ఎప్పుడు సాగింది అన్నీ నిమిషాలతో సహా అందులో ఉండాలి. కింద తయారు చేసినవారి సంతకం నాది, ఒప్పుకున్నట్టు సంతకం కెప్టెనుది. ఓడ దగ్గరుండే మా సూపర్‌వైజరు ఫోను చేసేవాడు.

“అమ్మగారూ, నానండీ. వానొచ్చీసింది. మూతలేసీసినాం. రెండూ పది రాసీండి.”

“పదా, పన్నెండా?”

“పన్నెండేనండి. ఏటండీ మీరు, ఆ రెండు నిమిషాలు నానేటి ఇంటికి పట్టుకెళ్ళిపోతానా?”

వేసేదాన్ని. వేసినదాన్ని మొదటి గీత నుంచి చివరి గీత వరకు విని, అప్పుడు సంతకం పెట్టేదాన్ని. ఆరేళ్ళ పది నెలల్లో అలా చేసినవి మూడు వందల ఎనభై ఎనిమిది. తిరిగి వచ్చినది ఒక్కటీ లేదు.

కొత్త కంప్యూటర్లో ఆ కార్డుకు చోటే లేదు. పాత మిషన్లన్నీ పూజ జరిగిన సాయంత్రమే ఆటోనగర్‌లో పాత సామాను కొనేవాడి దగ్గరికి వెళ్ళిపోయాయి. కార్డు తీసి ఉంచారా అని మర్నాడు అడిగాను. “ఇంకా దానితో ఏం పనమ్మా, కొత్తది వచ్చిందిగా” అన్నారు మేనేజరుగారు. ఆయన చెడ్డవారు కాదు. అందుకే మరీ కోపం వచ్చింది. చెడ్డవాడితో అయితే దెబ్బలాడవచ్చు.

నా అంకెలు కొట్టడానికి పక్క సీటు అమ్మాయిని వేశారు. నేను చెప్పేదాన్ని, ఆమె కొట్టేది, మళ్ళీ చదివి వినిపించేది. జూలైలో ఒక యూరియా ఓడ. వానకు రెండూ పన్నెండు నుంచి మూడూ నలభై ఏడు దాకా పని ఆగిందని చెప్పాను. అలాగే చదివింది. సంతకం పెట్టాను. సాయంత్రం ఓడ మీద నుంచి సూపర్‌వైజరు ఫోను.

“అమ్మగారూ, కెప్టెను గీత కొట్టీసినాడండి. వాన పన్నెండూ పన్నెండుకి పడ్డట్టుందంట. మీ ఊళ్ళో వాన రెండు గంటలు ముందొచ్చెస్తాదా అని నవ్వీసినాడు.”

ఆ అమ్మాయి అబద్ధమాడలేదు. తెర చూసి చదవలేదు, నేను చెప్పినది గుర్తు పెట్టుకుని అప్పజెప్పింది. అంతే. నేను మేనేజరుగారి గదిలోకి వెళ్ళి, నా చెవితో వినకుండా ఇకపై సంతకం పెట్టనన్నాను.

“మా మీద నమ్మకం లేదా అమ్మా?”

“నమ్మకంతో అన్నం తినవచ్చండి. టైమ్ షీట్ చేయకూడదు.”

బెంగుళూరులో ఉన్న ఒక పరిచయస్తురాలికి రాస్తే, కొత్త కంప్యూటర్లలో చదివే ప్రోగ్రాము నమూనా సీడీ పోస్టులో పంపింది. నలభై నిమిషాలు మాట్లాడి మూగపోతుంది, మిషను ఆపి మళ్ళీ వేయాలి. దానికీ సిద్ధపడ్డాను. అది ఉత్తరాలు చదివింది. మా టైమ్ షీట్ తెరవగానే మాత్రం “బటన్” అంది. మీట నొక్కాను. “బటన్.” మళ్ళీ “బటన్.” పదకొండుసార్లు అదే మాట. ప్రోగ్రాము రాసినాయన బటన్లన్నిటికీ బొమ్మలు వేశాడు, ఒక్కదానికీ పేరు పెట్టలేదు.

ఆయన్ను పిలిపించాను.

“మేడమ్, చాలా ఈజీ. ఓడ బొమ్మ నొక్కితే ఓడ వివరాలు, గొడుగు బొమ్మ నొక్కితే వాన. చదువు రానివాళ్ళు కూడా చేసేస్తారు.”

“చదువు వచ్చి చూపు లేనివాళ్ళు?”

“పాపం, మీ కష్టం అర్థమైంది మేడమ్” అన్నాడు.

“పాపం సంగతి ఉంచండి. పేర్లు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?”

“అరగంట.”

“కుర్చీ ఉంది. కూర్చోండి.”

“అలా కుదరదు మేడమ్. మార్పులంటే మీ ఆఫీసు నుంచి కాగితం రావాలి, మా వాళ్ళు ఒప్పుకోవాలి.”

కాగితం పంపమని మేనేజరుగారిని ఆగస్టులో అడిగాను, సెప్టెంబరులో రెండుసార్లు అడిగాను. ఒక్కరి కోసం ప్రోగ్రాము మార్పించడం ఎలాగమ్మా అన్నారు. ఒక్కరి కోసం ఇరవై ఒక్క అంగుళాల తెర కొన్నారుగా అన్నాను. నన్ను పొగరుబోతని అనుకున్నారు. అనుకోనీ. చూసేవాళ్ళకు బొమ్మ వేయడం సౌకర్యమట, వినేవాళ్ళకు పేరు పెట్టడం దయట. ఆ లెక్క నాకు ఆనాడూ ఒప్పలేదు, ఇప్పుడూ ఒప్పదు.

అక్టోబరు పదహారు నుంచి నన్ను టెలిఫోను బోర్డుకు మార్చారు. జీతం తగ్గించలేదు, అది అందరూ నాకు పదేపదే గుర్తు చేశారు. సూపర్‌వైజరు ఫోను ముందు నా దగ్గరికే వచ్చేది. “వానొచ్చీసిందండి” అనేవాడు అలవాటు కొద్దీ. ఎన్నింటికి అని నా నోటిదాకా వచ్చేది. లైను పక్క సీటుకు కలిపేదాన్ని.

2004 జనవరి ముప్పై ఒకటిన రిటైరయ్యాను. అప్పటికీ ఆ బటన్లకు పేర్లు లేవు.

పోయినవి ఇవి. మాట్లాడే కార్డు ఒకటి. టైమ్ షీట్ అడుగున నా సంతకం. టెలిఫోను బోర్డు దగ్గర గడిచిన మూడేళ్ళ మూడు నెలల పదహారు రోజులు. ఏడాదికి యాభై ఆరు ఓడల చొప్పున, ఆ కాలంలో నేను చేయవలసి ఉండి చేయని టైమ్ షీట్లు నూట ఎనభై నాలుగు.