పెయింటర్ అమానుల్లా కుడిచెయ్యి

కరెంటు పోతే నంద్యాలంతా కరెంటాఫీసును తిట్టిపోసేది. అమానుల్లా ఒక్కడు మాత్రం లోలోపల సంతోషపడేవాడు. కరెంటు పోయి వచ్చిన రోజున అతని కుడిచెయ్యి బాగా పనిచేసేది. మిగతా రోజుల్లో చేసేది కాదు. ఈ మాట చెబితే జనం నవ్వుతారు. అయినా చెప్పుకోవడానికి మనిషంటూ ఉంటే కదా!

2006 ఎండాకాలం సంగతి ఇది. అమానుల్లాకు యాభై నాలుగేళ్లు. ఆళ్లగడ్డలో ఒంటి కాపురం. చాగలమర్రి నుంచి నంద్యాల దాకా రోడ్డు పొడుగునా ఎరువుల అంగళ్ల బోర్డులు, లారీల నుదుళ్లు, బడి గోడలు ముప్పై ఏళ్లు అతను రాసినవే. పని నేర్పింది పీరా ఉస్తాద్. ఉస్తాద్ దగ్గర మొదటి పాఠం అక్షరం కాదు.

"కుంచె మీద నెపం పెట్టొద్దురా. దానికి నోరు లేదు. గీత చెడితే నీ చెయ్యి చెడినట్టు."

తర్వాత ఫ్లెక్సు వచ్చింది. రెండేళ్లలో పెయింటర్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఒకడు బెంగుళూరులో వాచ్‌మన్, ఒకడు ఇటుకల బట్టీలో. ఊరు అభివృద్ధి అయిందని చాలామంది అన్నారు. ఎవరి ఊరు అని అడిగినవాడు లేడు.

నంద్యాల బస్టాండు సందులో ఫ్లెక్సు అంగడి పెట్టిన శేషయ్య అమానుల్లాను పనిలో పెట్టుకున్నాడు. కంప్యూటర్ అక్షరాలు ఊరంతా ఒకే అచ్చు కాబట్టి చేతిరాత కోరే గిరాకీ ఇంకా కొంత ఉంది. ఒక నల్లటి ప్లాస్టిక్ పలక, దానికొక పెన్ను. పలక మీద గీస్తే తెర మీద పడుతుంది. నొక్కితే లావు, తేలిస్తే సన్నం, అచ్చం కుంచె మాదిరే. మొదటిరోజు, ఆపరేటర్ ఇంకా రాకముందే, 'శ్రీ' రాసి అమానుల్లా ముక్కున వేలేసుకున్నాడు.

కానీ కంప్యూటర్ ఒకటే. పొద్దున దాని మీద దొర్నిపాడు నుంచి వచ్చే ఆపరేటర్ అరుణకుమారి కూర్చుంటుంది. మధ్యాహ్నం ఆమె అన్నానికి పోయినప్పుడు అమానుల్లా వంతు. అందులో ఇద్దరికీ చెరొక ఖాతా: తెర మీద ఆమె పేరు పక్కన పువ్వు, అతని పేరు పక్కన పసుపు బాతు. బాతును నొక్కితే అతని పని తెరుచుకుంటుంది. ఆమెది మాత్రం మూయకూడదు. మూస్తే ప్రింటింగ్ మిషనుకు పోయే పని ఆగిపోతుందని శేషయ్య కట్టడి.

బాతును నొక్కి కూర్చుంటే గీత చచ్చిపోయేది. ఎంత నొక్కినా, ఎంత తేల్చినా ఒకే లావు, తాడు పరిచినట్టు.

"ఏందీ పెయింటరూ ఇది? చెయ్యి పాయెనే నీకు!" అన్నాడు శేషయ్య.

"వయసైపాయె శేషయ్యన్నా," అన్నాడు అమానుల్లా. పెన్ను మీద నెపం పెట్టడం అతనికి తోచనే లేదు. ఆ తర్వాత శేషయ్య అతనికి అక్షరాలు తగ్గించి, ఫ్లెక్సుల అంచులు కత్తిరించే పని పెంచాడు.

మణికట్టుకు ఆవనూనె రాశాడు. నీళ్ల బిందె ఎడమచేత్తో ఎత్తడం అలవాటు చేసుకున్నాడు. బస్సులో కుడిచేతిని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. కరెంటు పోయి రెండు గంటలు ఊరికే ఉన్న రోజున గీత మళ్లీ ప్రాణంతో లేచేది. విశ్రాంతి దొరికితే కోలుకుంటోంది కాబోలు అనుకున్నాడు.

ఇంట్లో కుంచెలు నూనెగుడ్డలో చుట్టి ఉన్నాయి. ఒక్కటి తీసి గోడ మీద గీస్తే నిజం తేలిపోతుంది. తీయలేదు. కుంచెతో కూడా గీత చచ్చే ఉంటే? ఆ భయం అతన్ని ఆర్నెల్లు తిన్నది. ఎందుకంటే ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే ఆదెన్న పాకలో ఒక నల్లరాయి అతని కోసం కాచుకుని ఉంది. పీరా ఉస్తాద్ సమాధి రాయి.

"నా పేరు నువ్వే రాయాల. ఆ కంప్యూటర్ది వద్దు," అని మాట తీసుకుని ఉస్తాద్ ఆర్నెల్ల కిందట కన్నుమూశాడు. పేరు కుంచెతో రాస్తే దాని వెంబడే ఆదెన్న ఉలి నడుస్తుంది. రాతిమీద పడ్డ వంకర కలకాలం ఉంటుంది.

బస్సు దిగినప్పుడల్లా ఆదెన్న కేకేసేవాడు. "ఏమప్పా, రాసేది ఉందా లేదా? వచ్చేపోయేటోళ్లు దాని మీద టీ గ్లాసులు పెడ్తాండారు."

"రేపొస్తానన్నా," అనేవాడు అమానుల్లా.

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. అరుణకుమారి ఇంకా రాలేదు. అమానుల్లా బాతును తెరిచి ఒక బట్టల అంగడి పేరు రాశాడు. గీత బంగారంలా వచ్చింది. రోజూలా అతను బాతును మూయకముందే ఆమె వచ్చి తన పువ్వు నొక్కి, పెళ్లికొడుకు ఫోటోలో వెంట్రుకలు దిద్దబోయింది.

"థూ! ఈ పెన్ను సచ్చింది మామా. సన్నగీత పడ్తాలేదు."

అమానుల్లా ఆమె మణికట్టు వైపు చూశాడు. "చెయ్యేమన్నా నొప్పా అమ్మా?"

"నా చేతికేం రోగం? మూడు పూటలా ముద్దలెత్తుతాంది. రోగం దీనికే." ఇద్దరివీ మూసేసి, తనది ఒక్కటే తెరిచి గీసింది. బాగుంది. దాని మీద బాతును తెరిచి, పెన్ను అతని చేతికిచ్చింది. తాడు పరిచినట్టు పడింది గీత.

"సూడు మామా, ముందు తెరిచినోళ్ల కాడనే పెన్ను నిలబడిపోతాంది. రెండోవాళ్లకు తెర మీద బాణం తిరుగుతాది గానీ నొక్కుడు తెలీదు. కరెంటు పోయొచ్చినాక ముందు ఎవురు తెరుస్తారు?"

"నేనే," అన్నాడు అమానుల్లా.

గల్లా దగ్గర కూర్చున్న శేషయ్య తలెత్తకుండానే అన్నాడు. "అది తెల్సిందే గదప్పా. ఆ పెన్నును నడిపే డ్రైవరు సాఫ్ట్‌వేరు ఒక్కసారి ఇద్దరికి పన్జెయ్యదని కంప్యూటర్ పెట్టినోడు ఆ పొద్దే చెప్పినాడు."

"మరి నాతో ఒక్కమాట..."

"చెప్తే ఏం జేస్తావ్? నీ గీత కోసం ప్రింటు నిలపాల్నా?"

పనిముట్టు తప్పును పనివాడి ఒంటిమీద వేయడం యజమానులకు కొత్త కాదు. ఆ నేరాన్ని నోరెత్తకుండా మోసేలా పనివాణ్ణి తయారుచేసిన వాళ్లలో మంచి ఉస్తాదులు కూడా ఉన్నారు. ఆ అమ్మాయికి ఏ ఉస్తాదూ లేడు కనుక, తన చెయ్యిని అనుమానించాలని ఆమెకు తోచలేదు.

అమానుల్లా నాలుగు గంటల బస్సెక్కాడు. ఇంటికి పోయి నూనెగుడ్డ విప్పి, కుంచెలతో ఆదెన్న పాకకు వచ్చాడు. టీ మరకలు తుడిచి, తెల్లరంగులో కుంచె ముంచి రాయి మీద 'పీరా' అని రాశాడు. నొక్కినచోట లావు, తేల్చినచోట సన్నం. ఆర్నెల్లుగా ఆ చేతికి ఏ జబ్బూ లేదు.

అలవాటుగా నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. అక్షరం రాశాక అట్లా నిలబడితే వెనక నుంచి ఉస్తాద్ ఏదో ఒక తప్పు పట్టేవాడు. ఎంతసేపు నిలబడ్డా వెనక చప్పుడు లేదు.

"ఎట్లుందన్నా?" అని ఆదెన్నను అడిగాడు.

"నన్నడుగుతావేందప్పా? నువ్వు గీసిన కాడికి నేను కొడ్తా. బాగోగులు జెప్పే మనిషి పేరే గదా రాస్తాండావ్!" ఆదెన్న ఉలి అందుకున్నాడు.

అమానుల్లా మళ్లీ చూశాడు. 'రా' దీర్ఘం వెంట్రుకవాసి లావెక్కింది. ఆళ్లగడ్డలో గానీ నంద్యాలలో గానీ దాన్ని కనిపెట్టే కన్ను ఇక లేదు.

"ఉండన్నా, కొట్టొద్దు," అని కిరసనాయిలు గుడ్డతో ఆ అక్షరం తుడిచి, మళ్లీ కుంచె ముంచాడు.