కత్తెరమ్మ సొంత బండి

మా అమ్మమ్మ బండ్లకు బట్టలు కుడుతుందని చిన్నప్పుడు బడిలో చెబితే అందరూ నవ్వారు. నేను చెప్పింది పూర్తిగా అబద్ధమేమీ కాదు. వ్యాపారస్తుల వ్యాన్లకు ముందు నుంచి వెనకదాకా రంగుల స్టిక్కరు చుట్టి, వాళ్ల దుకాణం పేరూ బొమ్మలూ వీధంతా కనబడేలా చేయడం ఆవిడ పని. అంతకుముందు చాలా ఏళ్లు బట్టలు కుట్టింది. ఆ అలవాటు ఇంకా పోలేదు. బండి షెడ్డులోకి రాగానే చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికి భుజాలు ఎక్కువ, నడుము లేదు" అంటుంది. డ్రైవరు తననే అందనుకుని పొట్ట లోపలికి పీల్చుకుంటాడు.

పనిలో ఆవిడ చేయి చూడాలి. ఒక చేతిలో వేడిగాలి మిషను, ఇంకో చేతిలో స్టిక్కరు అదమడానికి మెత్తటి ప్లాస్టిక్ బిళ్ల. వంపు దగ్గర స్టిక్కరు మొండికేస్తే కాస్త వేడి తగిలించి, బుజ్జగించి దారికి తెచ్చుకుంటుంది. ఆ ఓపికలో సగం మనుషుల మీద చూపించి ఉంటే మా ఇంట్లో ఇన్ని గిన్నెలు సొట్టలు పడేవి కావు.

అంతా అయ్యాక చివర్లో ఒక తంతు ఉంటుంది. మిగిలిన ముక్కలోంచి తన పాత కత్తెరతో చిన్న కత్తెర బొమ్మ కోస్తుంది. దాని కింద 'కత్తెరమ్మ' అన్న పేరు, ఫోన్ నంబరు. వాటిని బండి వెనక కింది మూలన అంటించి అరచేత్తో అదిమితే గానీ బండిని షెడ్డు దాటనివ్వదు. ఊళ్లో దాన్ని దిష్టిచుక్క అంటారు. ఆవిడకు అసలు పేరొకటి ఉందన్న సంగతి బ్యాంకువాళ్లకే గుర్తు. మా షెడ్డు సందు చివర, పాత గోదాము వెనక ఉంటుంది. దారి తప్పినవాడు కూడా అటు రాడు. వచ్చే గిరాకీ అంతా ఆ చుక్క చూసి ఫోన్ చేసేదే.

షెడ్డు పక్కనే మా పాత వ్యాను ఉండేది. ఒకప్పుడు తాతయ్య దాంట్లో సరుకులు తోలేవాడు. తోలడం మానేశాక దాన్ని పడకగది చేసుకున్నాడు. సీటు వెనక పరుపు, కిటికీకి తువ్వాలు, చేతికందేచోట రేడియో. భోజనం కాగానే అందులో దూరితే మళ్లీ టీ వాసన తగిలేదాకా లేవడు.

ఆ మధ్య మా ఊళ్లో కొత్త నిబంధన వచ్చింది. బండి మీద వ్యాపార ప్రకటన ఉంటే పర్మిట్ తీసుకోవాలి, దానికి బండిని నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపాలి. మా షెడ్డు నుంచి మొదటగా దరఖాస్తు పెట్టినవాడు బ్రెడ్డు వ్యాపారి. పెట్టిన కొద్దిరోజులకే బండి తీసుకుని వెనక్కి వచ్చాడు.

"పెద్దమ్మా, పర్మిట్ ఇవ్వలేదు."

"అద్దం గానీ మూసేశానా?"

"లేదు."

"నంబరు ప్లేటు? లైట్లు?"

"అన్నీ కనబడుతున్నాయి." అతను బండి వెనక్కి వెళ్లి మూలన వేలు పెట్టాడు. "ఇదట."

"నా చుక్కా? అరచెయ్యంత కూడా లేదు కదరా!"

"నేనూ అదే అన్నాను. సోమవారం నుంచి కొత్త దుకాణాలకు బ్రెడ్డు వేయాలి పెద్దమ్మా. పర్మిట్ లేకుండా రోడ్డెక్కితే బండి పట్టుకుంటారు. తీసేయమని అడగడానికి నోరు రావట్లేదు."

"రాకపోతే మూసుకో. నేనెళ్లి తేల్చుకుంటా."

నిబంధనలు చదివి చెప్పడానికి నన్ను వెంటేసుకుంది. బడికి నేను సగంలోనే దండం పెట్టేశాను. అమ్మమ్మ మొదట్లోనే పెట్టేసింది కాబట్టి మా ఇంటికి నేనే పండితురాలిని.

ఆఫీసులో అద్దం వెనక ఒక ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. మాట్లాడాల్సిన కంత మరీ కింద ఉండడంతో ఎంత కోపంగా వచ్చినవాళ్లయినా నడుం వంచాల్సిందే. అమ్మమ్మ వంగింది.

"అది ప్రకటన కాదమ్మా. బొమ్మ గీసినవాళ్లు కింద సంతకం పెట్టుకోరూ, అలాంటిది."

"సంతకంలో ఫోన్ నంబరు ఉంటుందా పెద్దమ్మగారూ?"

అమ్మమ్మ నా వైపు చూసింది. నేను పైన ఫ్యాను వైపు చూశాను.

"ఆ నంబరుకు ఫోన్ చేసి బ్రెడ్డు అడిగితే వస్తుందా?"

"బ్రెడ్డెందుకొస్తుంది? నేను పలుకుతా."

"మరి అది మీ దుకాణం ప్రకటనే కదా. సొంత బండి మీద సొంత పేరుకు ఒక పర్మిట్. ఒకరి బండి మీద ఇంకొకరి పేరుంటే దానికి వేరే పర్మిట్, ఫీజూ చాలా ఎక్కువ. ఆయన అడిగింది మొదటిది."

"నంబరు తీసేస్తే?"

"పేరూ ప్రకటనే."

"పోనీ కత్తెర బొమ్మ ఒక్కటీ..."

ఆఫీసరమ్మ నవ్వింది. "ఆ కత్తెర ఎవరిదో ఊరంతా తెలుసు. మా ఆయన బండికీ ఉంది. మీ పేరు మీ బండి మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా రాసుకోండి, నేనే పర్మిట్ ఇస్తాను."

"నాకు బండెక్కడిదమ్మా?"

"ఉంది," అన్నాను నేను. "తాతయ్య పడకగది."

"నడిచే బండేనా?" ఆఫీసరమ్మ అడిగింది. "ఒకేచోట పెట్టి ఉంచితే కుదరదు. కదిలితే అది బండి, పాతుకుపోతే బోర్డు. బోర్డుకు మళ్లీ వేరే లెక్క."

పోట్లాటకు నడుం బిగించి వెళ్లిన మనిషి దారంతా వేళ్ల మీద ఏవో లెక్కలు వేసుకుంటూ నడిచింది. అలా ఉంటే నాకు భయం వేస్తుంది.

షెడ్డుకు రాగానే మిషను పెట్టి, మూల వేడిచేసి, గోరుతో చుక్క అంచు లేపింది. చిరగకుండా మొత్తం ఊడి వచ్చింది. బ్రెడ్డతను అటు తిరిగి, బాగానే ఉన్న తలుపు గడియను బాగుచేస్తున్నట్టు నటించాడు. అమ్మమ్మ ఆ ముక్కను ముంజేతికి అంటించుకుని, నేరుగా వెళ్లి తాతయ్య వ్యాను తలుపు లాగింది.

"లేవండి."

"టీ అయిందా?"

"లేదు. గది ఖాళీ చేయాలి."

సంగతంతా విని తాతయ్య లబోదిబోమన్నాడు. "ఇదేమన్నా న్యాయమా! ఇంటినిండా నీ స్టిక్కరు చుట్టలే. నాకంటూ మిగిలింది ఈ పరుపొక్కటే."

"పగలు తోలండి, రాత్రి పడుకోండి."

"రాత్రి నాకు నిద్ర పట్టదు."

"పగలంతా గురక పెడితే రాత్రేం పడుతుంది?"

"అయినా ఆ చుక్క లేకపోతే కొంపలేం మునిగిపోతాయే?"

అమ్మమ్మ ముంజేతి మీద ముక్క అంచును బొటనవేలితో నొక్కుకుంది. "ఎవరూ రారండీ. షెడ్డు మూసుకోవడమే."

తాతయ్య కిటికీ తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

మెకానిక్ వచ్చి ముందు మూత ఎత్తితే, తాతయ్య ఎప్పుడో పోయిందని గోల చేసిన కళ్లజోడు ఇంజను పక్కన దొరికింది. బ్యాటరీ మారింది, టైర్లు మారాయి. నల్లటి పొగ ఊదుకుంటూ వ్యాను లేచింది.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. ఊళ్లో బండ్లన్నిటినీ ముస్తాబు చేసిన మనిషికి తన బండి మీద ఏం రాయాలో తోచలేదు.

"పేరు మరీ అంత పెద్దగా రాస్తే సిగ్గు కదే?"

"బ్రెడ్డతని పేరు ఏనుగంత రాసినప్పుడు సిగ్గేయలేదా?"

"ఆ సిగ్గు అతనిది."

ఎలాగో ఒప్పించాను. పక్కల పేరు, వెనక పెద్ద కత్తెర అనుకున్నాం. ఆవిడకు ఊపొస్తే పట్టపగ్గాలుండవు. సాయంత్రానికి కత్తెర పూర్తయింది. వెనక తలుపుల అద్దాలు రెండూ దాని కిందకే పోయాయి. అద్దం మూయకూడదని గిరాకీ చెవులు మెలిపెట్టి చెప్పేది ఆవిడే!

"కత్తెర భలే ఉంది అమ్మమ్మా. వెనకొచ్చే లారీ తాతయ్యకు కలలో కనబడుతుందా?"

నాలిక్కరుచుకుంది. నన్నొక తిట్టు తిట్టి, మొత్తం ఊడదీసి, బొమ్మను కాస్త జరిపింది. ఇప్పుడు కత్తెరకు వేళ్లు దూర్చే రెండు కంతలూ ఆ రెండు అద్దాలే. ఇంత పేరు రాసుకున్నాక కూడా, బ్రెడ్డు బండి నుంచి తీసిన ముక్కను కింది మూలన అంటించి అరచేత్తో అదిమింది.

ఫొటోలు చూసి ఆఫీసరమ్మ ముద్ర వేసింది. పర్మిట్ బిళ్లను ముందు అద్దానికి అమ్మమ్మే అంటించింది. ఒక్క బుడగ లేదు.

మర్నాడు ముగ్గురం బయల్దేరాం. తాతయ్య తోలుతున్నాడు, పక్కన అమ్మమ్మ, వెనక పరుపు మీద నేను. బజారులో బ్రెడ్డు బండి ఎదురై గట్టిగా హారన్ కొట్టింది. కూడలి దాటామో లేదో అమ్మమ్మ ఫోన్ మోగింది. ఎవరో పండ్ల వ్యాపారి, ఇప్పుడే బండి చూశాడట.

"మాకూ దిష్టిచుక్క పెడతారా?" అతని గొంతు వెనకదాకా వినబడింది.

"చుక్క పెట్టను నాయనా. బండి మాత్రం పెళ్లికూతురిలా చేసి ఇస్తా. రేపు తీసుకురా."

ఇంతలో వ్యాను నెమ్మదించి, రోడ్డు పక్క ఒక చెట్టు నీడలో ఆగింది. తాతయ్య అద్దంలోంచి నా కింద ఉన్న పరుపునే చూస్తున్నాడు.

"ఏమండీ, ఆపారేం?"

"నీడ చల్లగా ఉందే. ఒక్క కునుకు..."

"ఆగితే బోర్డయిపోతాం! పోనివ్వండి."

తాతయ్య నా వైపు తిరిగాడు. "బండి ఉందని ఆఫీసులో చెప్పింది నువ్వే కదే? చదువు అబ్బకపోయినా నీకు నోరొకటి అబ్బింది."

నేను పరుపు మీద వెనక్కి వాలి కాళ్లు చాపుకున్నాను. నిజంగానే చాలా మెత్తగా ఉంది. తాతయ్య నిట్టూర్చి గేరు మార్చాడు.