గోలు వెనక నుంచి వచ్చిన కేక

ఆకాశంలోంచి చందమామ ఊడిపడినా మా తాతయ్య ఎగిరి రెండు చేతులా పట్టి, గుండెకు హత్తుకుని, "ఇంకేమైనా ఉన్నాయా?" అని పైకి చూస్తాడు. ఇప్పుడు మోకాళ్ళు మొరాయిస్తున్నాయి కాబట్టి చందమామకు ఆ అదృష్టం లేదు.

ఇరవై ఆరేళ్ళు ఆయన ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో గోల్‌కీపర్లకు శిక్షణ ఇచ్చాడు. నాయనమ్మ బట్టలారేసే తాడు విప్పుకుపోయి, రెండు కొసలూ రెండు గోలు స్తంభాలకు కట్టి, నడిమి భాగాన్ని బంతి దాకా లాగేవాడు. "ఈ రెండు పాయలకూ సరిగ్గా మధ్యలో నిలబడు. ముందుకొచ్చేకొద్దీ వాడికి సందు తగ్గుతుంది" అనేవాడు. ఇంట్లో తడిబట్టలు కుర్చీల మీద ఆరేవి. "మీ గోలు సరే, నా బట్టల గోల ఎవరికి చెప్పుకోను?" అనేది నాయనమ్మ.

ఎత్తుగా వచ్చే బంతికి మాత్రం ఒకటే సూత్రం. కీపరు "నాదీ!" అని అరవాలి. ఆ కేక వింటే సొంత జట్టువాళ్ళు తప్పుకోవాలి. అరిచాక ఆగకూడదు. ఒక మోకాలు ఎత్తి ఎగిరి, తలకంటే పైనే బంతిని అందుకోవాలి. తాతయ్యకు ఇది ఎంత ఒంటబట్టిందంటే, అల్మారా మీంచి దిండు జారినా "నాదీ!" అనేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

ఆయన తయారుచేసినవాళ్ళలో పొడుగోడు మేటి. ఎనిమిదేళ్ళ శిష్యరికం. ఫైనల్ రోజు వాణ్ణి చూసి తీసుకుపోదామని పెద్ద జట్టువాళ్ళు వచ్చారు. నేనూ తాతయ్యా గోలు వెనకే కూర్చున్నాం. ఇరుజట్లూ సమానంగా ఉండగా, చివరి నిమిషంలో మైదానం మూల నుంచి బంతి గాల్లోకి లేచింది. పొడుగోడు ఒక అడుగు వేసి, అందదని గ్రహించి ఆగిపోయాడు. సరైన పనే. వాడి ముందున్న డిఫెండరు తలతో కొట్టడానికి ఎగరబోయాడు.

నా పక్కనున్న మనిషి లేచి గొంతు చించుకున్నాడు. "నాదీ!"

డిఫెండరు తప్పుకున్నాడు. బంతి వలలో పడింది.

"అరిచినవాడివి ఎందుకు ఆగావురా?" అని ఆటగాళ్ళ గదిలో మేనేజరు పొడుగోడి మీద విరుచుకుపడ్డాడు.

"నేను అరవలేదు సార్" అని పొడుగోడు తాతయ్య వంక చూశాడు. "మీరు చెప్పండి మాస్టారూ."

తాతయ్య చేతితొడుగులు మడతపెడుతున్నాడు. తలెత్తలేదు. పొడుగోడు మళ్ళీ అడగలేదు.

పెద్ద జట్టువాళ్ళు వెళ్ళిపోయారు. క్లబ్బు వాణ్ణి తీసేసింది. తాతయ్య ఇంకో నాలుగేళ్ళు పనిచేసి, శాలువాతో, గోడ గడియారంతో ఇంటికొచ్చాడు. పొడుగోడు ఇప్పుడు మా వీధిలో పార్సిళ్ళు పంచుతాడు. మా ఇంటివి గుమ్మంలో పెట్టి, బెల్ కొట్టకుండానే పోతాడు.

ఇదంతా రాసి తాతయ్యకు చదివి వినిపించాను. "తర్వాత చెబుదామంటే అవకాశం దొరకలేదని రాయనా తాతయ్యా? బావుంటుంది."

"అవకాశానికేం, నాలుగేళ్ళుంది. అరిచింది నేనేనని చెబితే నన్ను తీసేస్తారని నోరు మూసుకున్నాను. ఆ చందమామ సోది కొట్టేసి, అది రాయి."