బానెట్టు మీద అప్పగింతల పాట

పాటని ఇంట్లో దాచుకోవచ్చని డెబ్భైల్లో మా జగ్గయ్యపేటలో ఎవరికీ తోచేది కాదు. పాట అంటే పెళ్ళి పందిట్లో మోగేది, రేడియోలో వచ్చి పోయేది, కాఫీ హోటల్లో ఇడ్లీతో పాటు ఉచితంగా దొరికేది. నేను మాత్రం ఒక్కో వైపు ఒక్కో పాట ఉండే చిన్న నల్ల గ్రామఫోను ప్లేట్లని పోగుచేసేదాన్ని. వాటిని వాయించే యంత్రం మా ఇంట్లో లేదు. (యంత్రం ఉన్నవాళ్ళు ఎవరైనా పోగుచేస్తారు, లేకుండా పోగుచెయ్యడంలోనే ఉంది గొప్ప అని అప్పట్లో నా వాదన. ఇప్పటికీ దాన్ని ఎవరూ ఖండించలేదు.) పాట సంగతి ఎలా ఉన్నా, ప్రతి ప్లేటుకీ ఒక కథ ఉండేది. ఒకటి మా మేనత్త ఇంట్లో ఉసిరికాయ పచ్చడి జాడీ మీద మూతగా దొరికింది. మధ్యలో ఉన్న చిల్లుకి చింతపిక్క బిగించి ఉంది. ఇంకొకటి గరికపాడులో ఒక ధాబా గుమ్మానికి, దిష్టి గుమ్మడికాయ పక్కన వేలాడుతుంటే బతిమాలి తెచ్చుకున్నా. మరొకటి ఎవరిదో ఒడుగులో గీత మీద ముల్లు చిక్కుకుపోయి, మైకతను తాపీగా భోంచేసి చెయ్యి కడుక్కుని వచ్చేదాకా ఒకే ముక్క పాడుతూ కూర్చుంది. అలాంటివాటిని మైకు మామయ్య నాకు ఇచ్చేసేవాడు. (ఆయన మాకు చుట్టం కాదు. పెళ్ళిళ్ళకి మైకు సెట్టు పెట్టేవాడు గనక ఊరందరికీ మామయ్యే.)

ఈ ప్లేట్ల పిచ్చి వల్లే మా అక్క పెళ్ళిలో ఒక బాధ్యత నా నెత్తిన పడింది. అక్క అంటే మా పెదనాన్నగారి అమ్మాయి. పెళ్ళికొడుకుది జి.కొండూరు. అక్కకి అతను బాగా నచ్చాడు. నచ్చడం వల్ల మా పెద్దమ్మకి నిద్ర కరువైంది. ఎందుకంటే మా అక్కకి నవ్వు ఆగదు. పెళ్ళిచూపుల్లో నవ్వింది, లగ్నపత్రిక రాస్తూ పురోహితుడు తుమ్మితే నవ్వింది, పరామర్శకి తీసుకెళ్ళిన చోట కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. రేపు అప్పగింతల్లో కూడా నవ్వుతూ కారెక్కితే పుట్టింటి మీద ప్రేమ లేని పిల్ల అని జి.కొండూరు ఆడవాళ్ళు ముద్ర వేస్తారని, ఆ ముద్ర అక్క జన్మంతా మొయ్యాలని పెద్దమ్మ బెంగ. ఏడవడం ఏమన్నా ఆడపిల్లకి అర్హత పరీక్షా అని నేను గట్టిగా వాదించాను. పెద్దమ్మ అంతా విని, “నీ పెళ్ళికి నువ్వు డాన్సు చేసుకో, ఎవరూ వద్దనరు. ముందు దీని సంగతి చూడు” అంది.

అందుకు మందు ఒకటే, అప్పగింతల పాట. మా వైపు ఏ పెళ్ళిలోనైనా పిల్లని సాగనంపేటప్పుడు మైకులో అదే వేసేవాళ్ళు. (ఏ పాటో చెప్పను. నా వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు.) అది మొదలవగానే పందిట్లో కొంగులన్నీ కళ్ళ మీదికి లేచేవి. తీరా ఆ వేసవిలో, వేరే పెళ్ళిలో ఎవరో పెద్దమనిషి చూసుకోకుండా దాని మీద కూర్చోవడంతో మైకు మామయ్య ప్లేటు రెండు ముక్కలైంది. అలాంటి ప్లేటే ఇంకొకటి ఎక్కడుందో నాకు తెలుసు. నేను నందిగామ కాలేజీలో డిగ్రీ చదివేదాన్ని. నా స్నేహితురాలి అమ్మగారు అక్కడే హైస్కూల్లో టీచరు. ఆవిడ తన ప్లేట్లకి పాత పట్టుచీర ముక్కలతో సంచులు కుట్టి, ఎవరికీ ఇవ్వకుండా దాచుకునేవారు. పెళ్ళికి ముందురోజు వెళ్ళి కథంతా చెప్పి ప్రాధేయపడ్డాను. ఆవిడ ఎట్టకేలకు ఇచ్చారు. వంచొద్దు, పైన ఏదీ పెట్టొద్దు, పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకెళ్ళు అన్నారు. వేడి గురించి ఒక్క మాట అనలేదు. పాఠకులు ఇది గమనించాలి.

ఎర్రటి ఎండలో బస్సెక్కాను. లోపల కాలు పెట్టే చోటు లేదు. ఆడవాళ్ళ సీటులో పంచె కట్టుకున్న ఒక పెద్దాయన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ప్లేటు గుండెలకి హత్తుకుని నిలబడితే జనం దాన్ని అప్పచ్చి చేసేట్టున్నారు. డ్రైవరు చూసి, “ఇట్టా తే అమ్మాయ్, బానెట్టు మీద పెట్టు. సమానంగా ఉంటది, ఎవుడూ తొక్కడు” అన్నాడు. ఎంత మంచివాడనుకున్నాను. ఇంజను మీది ఆ రేకు మూత మీద తువ్వాలు పరిచి, ప్లేటు పెట్టి, ఇక చేతులు ఖాళీ అయ్యాయి గనక పెద్దాయన వైపు తిరిగాను. మీ తల మీద ఏం రాసుందో చదవండి అన్నాను. చదువు రాదన్నాడు. చదివి వినిపించాను. ఆ రాత రాసింది ఆయన బస్సెక్కక ముందా తర్వాతా అని అడిగాడు. నన్నా అడగడం? చిల్లకల్లులో డ్రైవరు ఇంజను ఆపకుండానే దిగి టీ తాగాడు. నాకు ప్లేటు ధ్యాసే లేదు, అప్పుడే పెద్దాయన కాస్త మెత్తబడుతున్నాడు. చివరికి ఓడిపోయి లేచి నిలబడి, “కూచో తల్లీ, నీ నోటికో దణ్ణం” అన్నాడు. గెలిచి కూర్చున్నాను. కూర్చోగానే జగ్గయ్యపేట వచ్చింది.

ఇంటికి వచ్చి సంచి విప్పితే ప్లేటు ఒక పక్క పైకి లేచి ఉంది. మైకు మామయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇదేందమ్మాయ్, ప్లేటు తెమ్మంటే అప్పడం తెచ్చావ్” అన్నాడు. పెద్దమ్మ తెల్లబోయింది. దాన్ని బియ్యం బస్తా కింద పెట్టాం. పొద్దున తీస్తే అప్పడం కాస్తా పడవ అయింది. వెయ్యొద్దని నేను, వేసి తీరాలని పెద్దమ్మ. అసలు లేకపోవడం కన్నా వంకర పాట నయం అంది పెద్దమ్మ.

అప్పగింతల వేళకి అక్క మొహం వెలిగిపోతోంది. జి.కొండూరు ఆడవాళ్ళు వరసగా నిలబడి చూస్తున్నారు. పెద్దమ్మ సైగ చేసింది. మైకు మామయ్య ముల్లు ఎగిరిపోకుండా దాని మీద అర్ధరూపాయి బిళ్ళ పెట్టి ప్లేటు తిప్పాడు. గుండెలు పిండే ఆ గొంతు గతుకుల రోడ్డు మీద ఎడ్లబండెక్కినట్టు పైకి లేచింది, కిందికి జారింది, మళ్ళీ లేచింది. ఎంత విషాదమైన మాట వస్తే అంత ఎత్తున ఊగింది. మధ్యలో వెక్కిళ్ళు. అక్క చెయ్యి నా చేతిలో ఉంది. అది నా వేళ్ళు గట్టిగా గిల్లింది. అక్క తల దించేసి, కొంగు మొహాన కప్పుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను పెదవి కొరుక్కుని ఆకాశం చూస్తున్నాను. జి.కొండూరు వైపు నుంచి ఒకావిడ ముందుకొచ్చి అక్క వీపు నిమురుతూ, “ఊరుకో తల్లీ, ఊరుకో. అమ్మని ఇడిసిరావాలంటే ఎవురికైనా అంతే” అని తను కూడా కళ్ళు తుడుచుకుంది. దాంతో అక్క కింద కూలబడింది. ఆడవాళ్ళందరికీ ఏడుపు అంటుకుంది. పెద్దమ్మ దేవుడికి దణ్ణం పెట్టింది.

పాట అయిపోయింది. మైకు మామయ్య ముల్లు ఎత్తాడు. అక్క కొంగు తీసి నా వైపు చూసింది. నవ్వి నవ్వి కారిన నీళ్ళు ఇంకా బుగ్గల మీదే ఉన్నాయి.

“ఏమే, అక్కడ నాతో ఇట్టా ఎవరు నవ్వుతారే?” అంది, నాకు మాత్రమే వినపడేట్టు.

అని, అప్పుడు ఏడ్చింది. నిజంగా ఏడ్చింది. కారు చిల్లకల్లు రోడ్డు ఎక్కేదాకా నేనూ ఏడ్చాను. ఇద్దరిలో నా ఏడుపే పెద్దదని తర్వాత మా అమ్మ అంది.

ఇక టీచరమ్మగారికి ప్లేటు తిరిగి ఇవ్వాలి. నందిగామ చేరేలోపు వాదనలన్నీ వరసగా పేర్చుకున్నాను. తప్పు డ్రైవరుది, ఇంజనుది, ఎండది, వేడి గురించి హెచ్చరించని వారిది. ఆవిడ సంచిలోంచి ప్లేటు తీసి, కంటి ఎత్తున పట్టుకుని దాని వంపు చూశారు. నేను నోరు తెరిచేలోపే, పెళ్ళికూతురు ఏడ్చిందా అని అడిగారు.

“ఏడ్చిందండి.”

“అయితే దాని పని అది చేసింది. నువ్వే ఉంచుకో.”

వాదనలన్నీ వాడకుండా వెనక్కి తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళలో నాకు అలాంటి నష్టం మళ్ళీ జరగలేదు.

అక్క అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఆ ఇంటికి వచ్చిన ప్రతి కొత్త కోడలికీ మా అక్కని చూపించి, అప్పగింతలంటే మా పెద్దకోడలివి, ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది తల్లి అని చెప్పేది. ఆ మాట వస్తే అక్క వినయంగా తల దించుకునేది. నేను ఆ ఇంట్లో ఉంటే మంచినీళ్ళకని లేచి వెళ్ళేదాన్ని.

ఇప్పుడు నా ప్లేట్లకి ఒక బీరువా చాలడం లేదు. వాయించే యంత్రం కూడా ఉంది. మొన్న హైదరాబాదు నుంచి పాత ప్లేట్లు కొనే కుర్రాడొకడు వచ్చాడు. ఒక్కోటీ వెలుగులో పట్టి చూసి, మంచివన్నీ ఒక పక్కన పెట్టుకుంటూ ఆ అప్పగింతల ప్లేటు దగ్గరికి వచ్చాడు. “ఇది దేనికీ పనికిరాదు మేడమ్, పారెయ్యండి” అన్నాడు. ఒకప్పటి నేనైతే టీ ఇచ్చి కూర్చోబెట్టి మరీ సాయంత్రం దాకా వాదించేదాన్ని. నోరు తెరిచాను కూడా. బస్సులో పెద్దాయనతో వాదించిన ఆ పిల్లకి ఎంత ఓపిక ఉండేదో అనిపించి నవ్వొచ్చింది.

“అవును బాబూ, పనికిరాదు” అని దాన్ని అతని చేతిలోంచి తీసుకున్నాను.