లెక్కకు రాని తోకపిట్ట

ఆదివారం తెల్లారగానే గోపన్‌పల్లి చెరువు దగ్గరికి పిట్టలను చూడ్డానికి వెళ్లే గుంపొకటి ఉంది. అందులో నేనూ ఉన్నానని చెప్పుకోవడానికి చాలా రోజులు నాకు నోరు రాలేదు. వెళ్లేదాన్ని, అంతే. కొండాపూర్ హాస్టల్లో నా గదిలోని మిగతా అమ్మాయిలు ముసుగుతన్ని నిద్రపోతుంటే, బైనాక్యులర్ మెడలో వేసుకుని ఆటో ఎక్కేదాన్ని. వారమంతా ఆఫీసులో ఇతరులు రాసిన కోడ్‌లో తప్పులు వెతకడమే నా ఉద్యోగం. ఆదివారమైనా తప్పు కానిదాన్ని దేన్నైనా వెతుకుదామని ఆశ.

ఆ గుంపుకి ఒక పద్ధతి ఉంది. నడక అయ్యాక గట్టు పక్కనున్న పెద్ద బండ మీద అందరూ కూర్చుంటారు. ఇడ్లీ డబ్బాలు తెరిచి, ఒకరు తాము చూసిన పిట్ట పేరు గట్టిగా చెబుతారు. ఇంకొకరు "నేనూ చూసిన" అనాలి. రెండో గొంతు పలికితేనే ఆ పిట్ట ఆ రోజు లెక్కలోకి వస్తుంది. లేకపోతే దాన్ని వదిలేసి తర్వాతి పేరుకు పోతారు. ఎంతటివాళ్లకైనా అదే న్యాయం.

కొంగలకూ నీటికాకులకూ నేనూ "చూసిన" అనేదాన్ని. నాకంటే ముందే నలుగురు అనేసేవాళ్లు. నా గొంతు లేకపోతే ఆ కొంగకు వచ్చే లోటేమీ లేదు. నాకు ఇడ్లీ పెట్టేవాళ్లు, చట్నీ వేసేవాళ్లు, ఎవరూ ఒక్క మాట తూలలేదు. అయినా పిలవని పేరంటానికి వెళ్లినట్టే ఉండేది. "పోయిన చలికాలం మనం చూసినం చూడు" అని వాళ్లు నవ్వుకుంటుంటే, ఆ 'మనం'లో నేను లేనని ప్రాణం ఉసూరుమనేది.

ఒక చలికాలం పొద్దున చెప్పు తెగి నేను వెనకబడ్డాను. గుంపు ముందుకు వెళ్లిపోయింది. తుమ్మచెట్టు కింద వంగి చెప్పుకు పిన్నీసు పెట్టుకుంటుంటే పైన ఏదో కదిలింది. తెల్లని పిట్ట. నల్లని తల, వెనక రెండు రిబ్బన్లలా పొడవాటి తోక. అది కొమ్మ మారినప్పుడల్లా తోక కాస్త ఆలస్యంగా వెనకాలే వచ్చేది. గుంపును పిలుద్దామంటే అది ఎగిరిపోతుందని భయం, పిలవకపోతే రెండో మనిషి లేరు. నోరు తెరిచేలోగా వెళ్లిపోయింది.

బండ మీద మొదటిసారి ఒక పేరు నేను చెప్పాను. "తోకపిట్ట. తెల్లది."

ఎవరూ పలకలేదు. కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒకాయన నొచ్చుకుంటూ, "నమ్మకం లేక కాదండి. రెండో మనిషి లేరు కదా, ఏం చేస్తాం" అన్నాడు. తర్వాతి పేరు గువ్వ. గువ్వను అందరూ చూశారు.

గువ్వ మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. ఆఫీసులో మీటింగు నడుస్తుంటే అద్దాల బయటికి చూస్తూ ఆ తోక గురించే అనుకునేదాన్ని. నమ్మలేదని కాదు నా బాధ. ఎలా ఉందని ఒక్కరైనా అడగలేదు. అడిగితే చెప్పడానికి ఎన్ని మాటలు దాచుకున్నానో.

మళ్లీ చలికాలం వచ్చేసరికి ఆ తుమ్మ లేదు. ఆ చోట అడ్డంగా కట్టిన నీలం రేకులు, వాటి వెనక లేస్తున్న అపార్ట్‌మెంటు.

గుంపులో అందరికంటే పెద్దామె ఒక రిటైరైన టీచరమ్మ, మెదక్ వైపు మనిషి. కూత విని పిట్ట పేరు చెప్పేది. ఈ మధ్య ఆమె కళ్లకు పొరలొచ్చాయనీ, కర్రను చూసి కూడా కొంగ అంటోందనీ గుంపులో గుసగుసలు. ఒక ఆదివారం ఆమె బండల గుట్ట దగ్గర ఆగిపోయింది. దగ్గర్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

"బిడ్డా, జర ఇటు రా. ఆ సందుల పెద్ద గుడ్లగూబ కూసున్నది. నువ్వు గూడ చూడు, నాకు తోడైతవు."

ఆ మాట కోసమే కదా ఇన్ని ఆదివారాలు కాచుకున్నది. చూశాను. ఎండ పడ్డ రాయి, నీడ పడ్డ రాయి. ఆమె వేలు పెట్టి చూపించింది. అయినా రాయే. "చూసిన" అంటే చాలు, ఆమె గుడ్లగూబ లెక్కలోకి వస్తుంది, నేను వాళ్ల 'మనం'లో పడతాను. కానీ నా తోకపిట్ట అడ్డం వచ్చింది. ఆ రోజు ఎవరైనా జాలిపడి "చూసిన" అని ఉంటే నా ఆకలి తీరేది కాదు.

"నాకు కనపల్లేదు టీచరమ్మా."

ఆమె ముందుకు నడిచింది. బండ మీద కూర్చున్నాక, "గుడ్లగూబ" అని గట్టిగానే చెప్పింది. పక్కనే నేను తల వంచుకుని కూర్చున్నాను. ఎవరూ పలకలేదు. తర్వాతి పేరు మళ్లీ గువ్వే.

ఇక నాకు ఈ గుంపుతో రుణం తీరిందనుకున్నాను. అందరూ లేస్తుంటే ఆమె నా భుజం పట్టుకుని లేచింది.

"నీ తోకపిట్ట యాడ కూసున్నదో జర చూపియ్యి."

నీలం రేకుల దాకా తీసుకెళ్లాను. తుమ్మ పైకొమ్మ ఉండే చోట ఇప్పుడు మూడో అంతస్తు, ఇనుప చువ్వలు. "ఆడ" అని వేలు చూపించాను. ఆమె బైనాక్యులర్ ఎత్తి, ఆ చువ్వల వైపే చాలాసేపు చూసింది.

"తోక ఎంత పొడుగుండె?"

చేతులు చాపి చూపించాను. ఏడాది దాచుకున్న ఆత్రంలో కాస్త ఎక్కువే చాపి ఉంటాను.

"కొమ్మ మారినప్పుడు?"

"పిట్ట ముందు పోయేది టీచరమ్మా. తోక తర్వాత, మెల్లిగా."

"గట్లనే పోతది, బిడ్డా" అంది ఆమె, బైనాక్యులర్ దించకుండానే.